ఊరొదిలిన అన్న, ఊళ్ళో ఉన్న తమ్ముడు: ఒక మధ్యవర్తిత్వం కేసు

ఈ కేసులో ఎవరి పేర్లూ రాయడం లేదు. ఊరు, భూమి లెక్కలు, కొన్ని కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. రాసింది ఈ కేసులోని ముగ్గురు తోబుట్టువులకీ చదివి వినిపించి, వాళ్ళు సరేనన్నాకే బయటపెడుతున్నాను.

గోదావరి డెల్టాలో కోర్టున్న ఒక పట్నంలో నేను 22 ఏళ్ళుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా కుటుంబ ఆస్తి తగాదాల్లో మధ్యవర్తిగా కూడా కూర్చుంటున్నాను. నా బీరువాలో ఉన్న విభజన ఫైళ్ళలో చాలావాటికి ఒక సంతకం అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటుంది. ఆ సంతకం ఎందుకు రావడం లేదని అడిగితే డబ్బు గురించి చెప్పేవాళ్ళు తక్కువ. "మా ఊరండీ అది" అంటారు. ఈ మాటని నేను చాలాకాలం సాకు అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తప్పో ఈ కేసులో తెలిసింది.

నేపథ్యం

ఊరు కోనసీమలో ఉంది. కాలువ చివర శివారు భూములు. కాలువ వదిలిన కొత్తలో నీళ్ళు ఆఖరున అందేది వీళ్ళకి. వానొస్తే పైవాళ్ళ ముంపంతా ముందు వచ్చి నిలిచేదీ వీళ్ళ చేలలోనే. తండ్రి రైతు. ఆరెకరాల వరి చేను, ఎకరన్నర కొబ్బరి తోట, తాతల నాటి మండువా పెంకుటిల్లు. తండ్రి 2016లో, తల్లి 2020లో పోయారు. వీలునామా లేదు. పిల్లలు ముగ్గురు, ముగ్గురికీ సమాన వాటాలు.

పెద్దవాడు ఇంజినీరు. 1998లో అమెరికా వెళ్ళి అక్కడి పౌరుడయ్యాడు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. తిరిగి వచ్చే ఆలోచన లేదని తనే చెబుతాడు. కానీ ఊరితో తెగలేదు. రామాలయంలో గ్రానైటు వేయించాడు, బడిలో మంచినీళ్ళ ప్లాంటు పెట్టించాడు, రెండేళ్ళకోసారి సంక్రాంతికి వస్తాడు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే ఊళ్ళ నుంచి దేవుళ్ళ ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జాతర, చూడకుండా వెనక్కి వెళ్ళడు. గంగలకుర్రు ప్రభలు కౌశికలో దిగి, నీళ్ళు గుండెల దాకా వస్తున్నా భుజాల మీద నుంచి దించకుండా అవతలి గట్టెక్కుతుంటే తనకి ఇప్పటికీ కళ్ళనీళ్ళు వస్తాయని నాతో అన్నాడు. నేను నమ్ముతాను. నాకూ వస్తాయి.

రెండో సంతానం ఆడపిల్ల. 1993లో పెళ్ళై వెళ్ళింది, హైదరాబాదులో కాపురం. ఇక్కడ ఆమెని ఆడపడుచు అనే రాస్తాను.

మూడోవాడు ఊళ్ళోనే ఉండిపోయాడు. తల్లిదండ్రుల్ని ఆఖరి దాకా చూసుకున్నది అతనూ అతని భార్యా. రెండెకరాలు సొంతంగా చేసుకుంటాడు. మిగతా నాలుగెకరాలు 17 ఏళ్ళుగా ఒకే కౌలురైతు చేతిలో ఉన్నాయి. సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ వరి పంటలు) కలిపి ఎకరాకి 28 బస్తాల కౌలు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

2024 ఫిబ్రవరిలో తమ్ముడు వచ్చాడు. మూడు విషయాలు చెప్పాడు, మూడూ ఒక దాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి.

మొదటిది కౌలురైతు సంగతి. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకి అతను కోసిన వరి పనలు చేలోనే మునిగి మొలకలెత్తాయి. అతనికి సాగుదారు కార్డు లేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకుని సంతకం చెయ్యాలి. కార్డు గడువు 11 నెలలు. యాజమాన్య హక్కుకి దాంతో ఏ సంబంధమూ లేదు, చట్టంలోనే ఆ మాట ఉంది. అయినా డెల్టాలో సంతకం పెట్టడానికి భయపడే భూస్వాములు ఎంతమందో. ఇక్కడ పొలం ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉంది. పేరు మారాలంటే ముగ్గురూ కలవాలి. అన్న సంతకం పెట్టలేదు. కార్డు లేదు కాబట్టి పంట రుణం లేదు, నష్టపరిహారమూ లేదు. నిండా మునిగినవాడికి సాయం అందలేదు.

రెండోది అప్పు. కూతురి చదువుకీ, తల్లి ఆస్పత్రి ఖర్చుకీ తమ్ముడు చేసిన అప్పు 14 లక్షలకి చేరింది. రోడ్డు పక్కన ఉన్న కొబ్బరి తోటలో కొంత అమ్మి తీర్చేద్దామంటే అన్న ఒప్పుకోలేదు.

మూడోది చెరువులు. వరి చేను నాలుగెకరాలు రొయ్యల చెరువుకి లీజుకిస్తే వరి కౌలుకి రెట్టింపు పైనే ఇస్తామని ఒక పార్టీ వచ్చింది. దానికీ అన్న వద్దన్నాడు.

అన్న పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి తమ్ముడు నా టేబుల్ మీద ఫోను పెట్టి వినిపించాడు. "అమ్మానాన్నలు తిరిగిన మట్టిరా అది. దాన్ని అమ్ముకు తినడానికి నీకు మనసెలా ఒప్పింది?" అది అయిపోయాక తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆ మట్టిలో రోజూ దిగేవాణ్ణి నేనండీ. ఊరి మీద ప్రేమ ఎలా ఉండాలో ఆయన నాకు చెబుతున్నారు."

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా ఇదే జరిగిందట. డ్రైన్లు పూడుకుపోయి, ధర గిట్టక, సార్వా వెయ్యకూడదని ఊళ్ళకి ఊళ్ళు తీర్మానం చేసిన ఏడాది అది. తమ్ముడూ చేను బీడు పెట్టాడు. అన్న అక్కడ పేపర్లో చదివి ఫోన్ చేసి, "నాన్న బతికుండగా మన చేను ఖాళీగా పెడతావా, పరువేం కావాలి?" అని కోప్పడ్డాడు. తండ్రే ముందు ఒప్పుకున్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మొదట ప్రయత్నించినవి

నా మొదటి అంచనా ఇది: అన్నకి భూమి విలువ పోతుందన్న భయం ఉంది, దానికి ఊరి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు. ఇలాంటి కేసుల్లో వాటాలు స్పష్టంగా కాగితం మీద పెడితే టెన్షన్ తగ్గి మాటకి దిగుతారని నా అనుభవం. అందుకని ఒక ఉత్తరం రాశాను. నోటీసు కాదు, మర్యాదగానే రాశాను. ముగ్గురికీ మూడో వంతు చొప్పున వస్తుందని, విభజన చేసుకుంటే ఎవరి వాటా మీద వాళ్ళు నిర్ణయం తీసుకోవచ్చని, కార్డు మీద సంతకంతో భూమికి ముప్పు లేదని వివరించాను.

ఆరు వారాలు జవాబు లేదు. చెల్లెలికి మాత్రం ఫోన్ చేసి, "నా వాటా నా మొహాన పారేసి వదిలించుకుంటున్నారు" అన్నాడట. నేను రాసిన ప్రతి వాక్యం చట్టం ప్రకారం సరైనదే. కానీ ఆయన చదువుకున్నది ఒకే వాక్యం: నువ్విక మా మనిషివి కాదు.

రెండోసారి పెద్దమనుషుల్ని పెట్టాను. ఊళ్ళో పరువున్న మనిషి, గుడికి ఇచ్చిన మనిషి, ఊరి పెద్దల మాటకి తలొగ్గుతాడని లెక్క. ఒక ఆదివారం రాత్రి రామాలయం అరుగు మీద నలుగురు పెద్దలు, తమ్ముడు, నేను, వీడియోలో అన్న. పది నిమిషాల్లో కథ అడ్డం తిరిగింది. పెద్దలు గ్రానైటు గురించి, నీళ్ళ ప్లాంటు గురించి పొగడడం మొదలుపెట్టారు. ఒకాయన, "కాటన్ దొర ఇంగ్లండు వెళ్ళిపోయినా చివరిదాకా ఈ దేశపు కాలువల గురించే మాట్లాడాడు. బాబుగారూ అంతే" అన్నాడు. ఆ మాటలో నిజముంది. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి, ఉద్యోగం చాలించి వెళ్ళాక కూడా నీటిపారుదల కోసం ఆయన తమ పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్ళి వాదించాడు. కానీ తమ్ముడు లేచి నిలబడి, "దొర అక్కడ కూచుని ఇక్కడ ఎవరి బోదె ఎవరు మళ్ళించాలో చెప్పలేదు కదండీ" అని వెళ్ళిపోయాడు. వీడియోలో అన్న మొహం నాకు ఇంకా గుర్తుంది. అవమానపడ్డాడు, పదిమందిలో.

ఇక్కడ నా తప్పు స్పష్టం. ఊరి పెద్దలు ఈ తగాదాలో తటస్థులు కారు. దూరంగా ఉండి డబ్బు పంపేవాడు వాళ్ళకి కనిపిస్తాడు. రోజూ కనిపించే తమ్ముడు మాత్రం వాళ్ళ కంటికి ఆనడు. ఆ సంగతి నేను ముందే ఆలోచించాల్సింది.

మూడోది డబ్బు దారి. అన్నకి అంత ప్రేమ ఉంటే తమ్ముడి వాటా అన్నే తీసుకుని, ఆ డబ్బుతో తమ్ముడి అప్పు తీరిస్తే సరిపోతుంది కదా అనిపించింది. కానీ విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇక్కడ వ్యవసాయ భూమి, తోట వారసత్వంగా పొందవచ్చు గానీ డబ్బిచ్చి కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఒప్పుకోదు. అమ్మాలనుకుంటే ఇక్కడుండే భారత పౌరుడికే అమ్మాలి. ఈ మాట చెప్పినప్పుడు అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నా ఊళ్ళో నేను గజం భూమి కూడా కొనలేనా?" అన్నాడు. ఇల్లు కొనుక్కోవచ్చని చెప్పాను. అది ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కాదని నాకు తెలుసు.

మే నెలాఖరుకి మూడు ప్రయత్నాలూ పోయాయి. తమ్ముడు విభజన దావా వెయ్యమన్నాడు. వేస్తే ఎన్నేళ్ళు పడుతుందో మా వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నేను పట్టించుకోని మనిషి

ఆడపడుచు మొదటి రోజే ఫోన్లో, "మీరు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానండీ" అంది. ఆ మాటతో నేను ఆమెని లెక్కలోంచి తీసేశాను. ఒక్క సమావేశానికీ పిలవలేదు. మధ్యవర్తిగా ఇది నేను చేసిన అతి పెద్ద తప్పు, రెండు విధాలుగా. ఒకటి, ఆమెకీ మూడో వంతు ఉంది. వాటా ఏమిటో పూర్తిగా తెలియకుండా ఇచ్చే అంగీకారం అంగీకారం కాదు. రెండోది, ఈ తగాదాలో అసలు ప్రశ్నకి జవాబు ఆమె దగ్గరే ఉంది.

ఏదో పెళ్ళికి వచ్చి, దావా కాగితాల మీద సంతకానికని మా ఆఫీసుకి వచ్చింది. వాటా లెక్కలు మొదటిసారి ఆమెకి వివరంగా చెప్పాను. విని, "అవి తర్వాత చూద్దాం గానీ, మా అన్నయ్యకి ఏం నొప్పో మీరు కనుక్కున్నారా?" అంది. లేదన్నాను. "నేనూ ఊరొదిలి 31 ఏళ్ళైందండీ. వాడికేం అవుతోందో నాకు తెలుసు. కానీ ఫోన్లో చెబితే వాడికి ఎక్కదు. ఊరికి రమ్మనండి, సంక్రాంతికి కాదు."

ఆ చివరి మాట దగ్గర నా ఆలోచన మారింది. 26 ఏళ్ళుగా అన్న చూసింది జనవరి ఊరిని మాత్రమే. కుప్పలు నూర్చి, చేతిలో డబ్బాడుతూ, ముంగిట్లో గొబ్బెమ్మలతో, కోడిపందేలతో, ఏ ఇంట చూసినా చుట్టాలతో కళకళలాడే ఊరు. ఆయన ప్రేమించేది ఆ ఊరినే. తమ్ముడు ఉంటున్నది మిగతా పదకొండు నెలల ఊళ్ళో. ఇద్దరూ ఒకే పేరుతో రెండు ఊళ్ళ గురించి పోట్లాడుకుంటున్నారు.

పని చేసినది

దావా ఆపమని తమ్ముణ్ణి బతిమాలి, అన్నకి ఒక్క షరతుతో కబురు పెట్టాను. జులై ఆఖర్లో పన్నెండు రోజులు రావాలి, హోటల్లో కాక ఆ ఇంట్లోనే ఉండాలి, ఆస్తి గురించి మొదటి వారం ఎవరూ మాట్లాడకూడదు. ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. టికెట్టు తీసుకుని వచ్చేశాడు.

ఆ వారమంతా వానే. మండువాలో మూడు చోట్ల ధార కడుతుంటే కింద బిందెలు పెట్టారు. రాత్రంతా ఆ చప్పుడుకి నిద్ర పట్టలేదట. నాలుగో రోజు పొద్దున్న వాన తెరిపిచ్చాక, కౌలురైతుతో కలిసి ముగ్గురం చేలోకి వెళ్ళాం. ఊడ్పులై పది రోజులు కాలేదు. నీళ్ళు గట్లు దాటి ఒకటే తెల్లగా ఉంది, ఏ మడి ఎవరిదో తెలియదు. కౌలురైతు మోకాలిలోతు నీళ్ళలో దిగి, చెయ్యి పెట్టి ఒక కుదురు పైకి తీసి అన్న చేతిలో పెట్టాడు. "పట్టుకుని చూడండి బాబూ." అన్న మొవ్వు పట్టుకుని లాగాడు. గుజ్జుగా ఊడి వేళ్ళకి అంటుకుంది. కుళ్ళిన నారు వాసన ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆయన చెయ్యి కడుక్కోకుండా అలాగే నిలబడ్డాడు.

"స్వర్ణేనా ఇది?" అని అడిగాడు కాసేపటికి.

"స్వర్ణ ఎప్పుడో మానేశామండీ. ఇప్పుడు పదమూడు పద్దెనిమిది వేస్తన్నాం."

వరి రకాల పేర్లు, చిన్న మాటే. కానీ అన్న ఉలిక్కిపడ్డాడు. తర్వాత డ్రైను దగ్గరికి వెళ్ళాం. ఒడ్డు నుంచి ఒడ్డుకి గుర్రపుడెక్క కమ్మేసి, నీరు కదలడం లేదు. తమ్ముడు, ఇంకో నలుగురు రైతులు కర్రలకి కొక్కేలు కట్టి లాగుతున్నారు. వీళ్ళు చందాలేసుకుని ఏటా చేసేది ఇదే. "నేను గుడికిచ్చిన డబ్బులో సగం దీనికిచ్చి ఉంటే..." అని అన్న మొదలెట్టి ఆపేశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం కౌలురైతు ఇంటికి కబురు పెట్టి, కార్డు కాగితం మీద తన వైపు అంగీకారం రాసిచ్చాడు. నేను అడగలేదు. మొదటి వారం ఆస్తి మాట ఎత్తకూడదన్న షరతుని ఆయనే దాటాడు.

మిగిలింది తోట. దీని దగ్గర మాత్రం ఆయన కదల్లేదు. ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఒక్కో తెల్ల కాగితం ఇచ్చాను: ఇక్కడ మీకేమీ మిగలకపోతే దేనికోసం బాధపడతారు? తమ్ముడు రెండు లైన్లు రాశాడు. అన్న కాగితం నిండిపోయింది. 1996 నవంబరు 6 తుపాను. అప్పుడాయన హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాడు. కబురందగానే బయల్దేరి, బస్సు ఆగిపోయిన చోటు నుంచి నడిచి ఊరు చేరాడు. తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడి ఉన్నాయి. తండ్రి గట్టు మీద కూర్చుని లేవలేదట. నెల రోజులు ఉండి, తండ్రీ తనూ కలిసి కాలువ వెంట 32 మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. రెండేళ్ళు తిరక్కుండానే ఆయన వెళ్ళిపోయాడు. మొదటి గెల ఆయన చూడలేదు. "నాన్న ఫోన్లో చెప్పారు, కాసిందిరా అని" అన్నది ఆ కాగితంలో ఆఖరి వాక్యం.

నేను సాకు అనుకున్నది ఇది. భూమి విలువ గురించిన భయం అందులో ఎక్కడా లేదు.

కాగితం తమ్ముడికి చూపించడానికి అన్న అనుమతి అడిగాను, ఇచ్చాడు. తమ్ముడు చదివి, "ఆ 32లో 19 ఉన్నాయి. మిగతావి తెల్లదోమకి, పిడుగుకి పోయాయి. నేను చెప్పలేదు, బాధపడతాడని" అన్నాడు.

పదో రోజు మండువాలో ముగ్గురూ, నేనూ కూర్చున్నాం. అన్న మళ్ళీ అదే అన్నాడు, ఈసారి కోపంగా కాదు: "నేనెక్కడున్నా ఇది నా ఊరేనమ్మా. అన్నీ అమ్మేస్తే నాకిక్కడ ఏముంటుంది?"

ఆడపడుచు అప్పుడు మాట్లాడింది. నాకు గుర్తున్నంతలో ఆమె మాటలే రాస్తున్నాను.

"అన్నయ్యా, 31 ఏళ్ళ కిందట ఇదే గుమ్మంలోంచి నన్ను పంపించేశారు. శాశ్వతంగానే కదా పంపించారు? మరి ఇది నా పుట్టిల్లు కాకుండా పోయిందా? ఏ పండక్కైనా రాకుండా ఉన్నానా? అమ్మ మంచంలో ఉంటే నెలకోసారి రాలేదా? కానీ వంటింటి గట్టు ఎందుకు కొట్టించావని మరదల్ని ఎప్పుడైనా అడిగానా? పెరట్లో నేను పెంచిన సన్నజాజి పందిరి తీసేసి బాత్రూం కట్టారు. బస్సెక్కేదాకా ఆపుకుని, బస్సులో ఏడ్చుకున్నాను. ఉండేది వాళ్ళు, వాళ్ళకి కావలసినట్టు కట్టుకున్నారు. ఆడపిల్లలందరం ఇలాగే బతుకుతున్నాం. నీకు మాత్రం ఎందుకు చేతకాదు?"

మండువాలో చాలాసేపు బిందెలో నీటి చుక్కల చప్పుడే వినిపించింది. నేను ఏమీ కలపలేదు. ఆ సమయంలో మాట్లాడకపోవడం ఒక్కటే నేను ఆ కేసులో బాగా చేసిన పని కావచ్చు.

ఆమె ఇంకో మాట కూడా అంది. వాళ్ళ పెదనాన్న కుటుంబం తుంగభద్ర ఆయకట్టు కింద భూములు చవకని, ఇక్కడ సెంటు కూడా మిగల్చకుండా అమ్ముకుని కర్ణాటకలో గంగావతి వైపు, ఆంధ్రా రైతులు స్థిరపడిన క్యాంపుకి వెళ్ళిపోయింది. పిల్లలు కన్నడంలో చదువుకున్నారు, అక్కడి పంచాయతీకి పోటీ చేశారు. ఇప్పటికీ పెళ్ళి సంబంధమంటే మొదట ఇటే చూస్తారు, షష్ఠి తీర్థానికి వస్తారు. "వాళ్ళకిక్కడ ఏముందని వస్తున్నారు?" అని అడిగింది. బర్మా రోజుల్లో రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళ గురించి మా ఇంట్లో చెప్పుకున్న కథలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఈ డెల్టా మనుషుల్ని పంపించడం కొత్త కాదు.

కుదిరిన ఒప్పందం

ఆ తర్వాత కాగితం పని రెండు రోజుల్లో అయింది. మనసు కుదిరాక కాగితం ఎప్పుడూ త్వరగానే అవుతుంది. విభజన దస్తావేజు రిజిస్టర్ చేశాం: ఒక్కొక్కరికి రెండెకరాల చేను, అరెకరం తోట. రోడ్డు వైపు ముక్క తమ్ముడికి. 19 చెట్లలో ఏడు అందులో పడ్డాయి. అమ్ముడైతే అవి పోతాయని అన్నకి విడిగా, స్పష్టంగా చెప్పాను. ఒప్పందం ఊపులో దాన్ని దాటెయ్యకూడదనిపించింది. ఆయన వెళ్ళి ఆ ఏడు చెట్లూ చూసి వచ్చి సంతకం పెట్టాడు. ఆడపడుచు తన వాటా తన పేరునే ఉంచుకుంది. తమ్ముడికి వదిలేస్తానని మొదట అంది. తొందరపడవద్దని, భర్తతో, పిల్లలతో మాట్లాడి నెల తర్వాత చెప్పమని నేనే ఆపాను. నెల తర్వాత ఉంచుకుంటానంది.

అన్న తన రెండెకరాల మీద ఏటా కౌలు అంగీకారం ఇచ్చే అధికారం తమ్ముడికి రాసిచ్చాడు. అమ్మే అధికారం అందులో లేదు. ఇక్కడున్నప్పుడే రిజిస్ట్రారు ఆఫీసులో చేయించాం. విదేశంలో రాసి పంపితే అక్కడ ధ్రువీకరణ, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు, ఆ తిప్పలన్నీ తప్పాయి. ఇంటి కప్పు ఖర్చు అన్న పెట్టుకుంటాడు, ఎలా వేయించాలన్నది తమ్ముడి ఇష్టం.

చెరువు విషయంలో మాత్రం అన్న మాటే నిలిచింది, అది న్యాయమే. శివారు భూముల్లో చెరువు తవ్వితే ఉప్పు ఊట పక్క చేలకి దిగుతుంది. పక్కవాడి వరి పోతుంది, డ్రైను పాడవుతుంది. అన్న దూరం నుంచి అడ్డుపడినా, ఆ అడ్డు ఊరి మేలుకే పడింది. తమ్ముడికీ ఆ సంగతి తెలుసు, అప్పు మూలంగా కళ్ళు మూసుకున్నాడు. అప్పు తీరే దారి దొరికాక తనే వద్దనుకున్నాడు. వెళ్ళిపోయినవాళ్ళ మాట అసలు వినక్కర్లేదని వాదించే మిత్రులు నాకున్నారు. వాళ్ళకి నేను ఈ చెరువు సంగతి చెబుతాను. అప్పుల ఒత్తిడి లేనివాడికి కొన్ని విషయాలు ముందు కనిపిస్తాయి. అతను చెప్పాలి. తేల్చేది మాత్రం ఆ నీళ్ళలో దిగేవాళ్ళు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది

ఊరి ప్రేమ అనే మాట వినగానే దాని కింద డబ్బు వెతకడం మానేశాను. ఇప్పుడు మొదటి సమావేశంలోనే అడుగుతాను: మీరు ఈ ఊళ్ళో చివరిగా చేత్తో చేసిన పని ఏది? జవాబు ఎక్కడో ఒక చెట్టు దగ్గరో, రేవు మెట్టు దగ్గరో ఆగుతుంది. అక్కడి నుంచి మాట మొదలుపెట్టడం తేలిక. బయటి దేశం నుంచి వచ్చేవాళ్ళని కుదిరినంతవరకు పండగలప్పుడు పిలవను. ఆడపిల్లలు సంతకం పెడతామన్నా సరే, మొదటి రోజు నుంచీ కూర్చోబెడతాను.

తేలనిది ఒకటి ఉంది. అన్న తర్వాత ఆ రెండెకరాలు అమెరికాలో పుట్టిన పిల్లలకి వెళ్తాయి. వాళ్ళకి ఈ ఊరు సెలవుల్లో చూసిన చోటు మాత్రమే. దీని గురించి ఒప్పందంలో ఒక పేరా రాద్దామంటే ఆయన, "వాళ్ళని అడిగి చెబుతాను" అన్నాడు. నేను ఒత్తిడి చెయ్యలేదు. పిల్లలు వద్దంటే ఆ బాధ ఆయన ముందు ఒంటరిగా పడాలి. వాళ్ళ మీద ఈ ఊరిని బాకీలా పెట్టడం నాకు సరైనదిగా అనిపించలేదు. ఆ పేరా ఇంకా ఖాళీగానే ఉంది.

అన్నదమ్ముల మధ్య అంతా చక్కబడిందని కూడా చెప్పను. రామాలయం అరుగు మీద జరిగిన అవమానం ఇద్దరికీ గుర్తుంది. మాటలు ముక్తసరిగానే ఉన్నాయి. 2025 సంక్రాంతికి అన్న రాలేదు, డ్రైను చందాకి డబ్బు పంపాడు. తోట ముక్క అమ్ముడై తమ్ముడి అప్పు తీరింది.

కార్డు గడువు 11 నెలలు కదా, ఏటా మళ్ళీ రాయాలి. 2025లో ఊడ్పులకి ముందు ఒక రాత్రి పదకొండు దాటాక అన్న నాకు ఫోన్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం.

"కౌలు కాగితం కొత్తది రాశారాండీ? కాలువ వదిలాక అతనికి తీరుబడి ఉండదు."

రాశామని, మీ తమ్ముడు వారం కిందటే సంతకం పెట్టాడని చెప్పాను. "సరేనండీ" అన్నాడు. అక్కడ వాన పడుతోందా అని అడిగాడు. దాళ్వాకి అతను ఎన్ని బస్తాలు కొలిచాడో అడగలేదు.